మిర్చి లాటుకు పట్టీ పరీక్ష: లాభం ఎవరికి?

గుంటూరు యార్డులో మిర్చికి నేటికీ కన్ను, చెయ్యి, ముక్కు కలిసి ధర కడుతున్నాయి. రంగు, తేమ, ఘాటు చూసి, తాలును వేరుచేసి బేరం ముగిస్తారు. కాని ఎగుమతి సరుకు భవితవ్యం కంటికి కనపడని వస్తువు మీద కూడా ఆధారపడి ఉన్నది. బూజు నుండి పుట్టే అఫ్లాటాక్సిన్ అటువంటిది.

1960లో బ్రిటన్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, దాణాలోని వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. నేడు ఐరోపా సమాఖ్య ఎండు మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, అన్ని రకాలూ కలిపి 10కి పరిమితం చేసింది. భారత నిబంధన సుగంధ ద్రవ్యాలలో మొత్తం 30 వరకు అనుమతిస్తున్నది. అందుచేత దేశీయ అమ్మకానికి పనికివచ్చిన లాటు ఐరోపా రేవులో తిరస్కరణకు గురికావచ్చును. అప్పటికి కొనుగోలు, గ్రేడింగ్, ఓడ కిరాయి ఖర్చులన్నీ అయిపోయి ఉంటాయి.

ఈ నష్టాన్ని ముందే పట్టుకొనే సాధనం యాంటీబాడీ పరీక్ష. ఒక్కొక్క యాంటీబాడీ తనకు సరిపోయే పదార్థాన్నే పట్టుకుంటుంది. దానిని పట్టీ మీద గాని, విద్యుత్ సంకేతమిచ్చే బయోసెన్సార్ మీద గాని అమర్చుతారు. పట్టీ ఫలితం నిమిషాలలో వస్తుంది. కరోనా పట్టీలో గీత పడితే రోగమున్నట్లు. సాధారణంగా వాడే అఫ్లాటాక్సిన్ పట్టీలో పరీక్ష గీత మసకబారితే విషమున్నట్లు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ సూత్రం మీదనే చౌక పరీక్షలను రూపొందించారు.

అయితే పట్టీని సర్వరోగ నివారిణిగా భావించరాదు. బూజు అన్ని బస్తాలకూ సమానంగా పట్టదు. ఒక బస్తా నుండి గుప్పెడు తీసి పరీక్షిస్తే లాటు సంగతి తెలియదు. అనేక బస్తాల నుండి తీసి, కలిపి, పొడిచేసి చూడాలి. మిర్చి ఎర్రరంగు ఫలితాన్ని తారుమారు చేయగలదు గనుక మిర్చికి సరిచూసిన పట్టీనే వాడాలి. పురుగుమందుల అవశేషాలకూ యాంటీబాడీ పరీక్షలున్నా, ఒక్కొక్క మందుకో లేక ఒకే కోవకు చెందిన కొన్ని మందులకో మాత్రమే అవి పనిచేస్తాయి. రైతులు చల్లే మందులు అనేకం. కనుక ప్రయోగశాల సర్టిఫికెట్టు అవసరం తీరిపోదు.

అసలు చిక్కు పరీక్షలో కాదు, దాని ఫలితాన్ని వాడుకొనే తీరులో ఉన్నది. చెడ్డ ఫలితం చూపి ధర కోసి, మంచి ఫలితానికి పైసా పెంచకపోతే రైతు శాంపిలు ఇవ్వడానికే వెనుకాడతాడు. కల్లంలో నేల మీద కాక పట్టాల మీద ఆరబెట్టినందుకు, బస్తాలకు ఎత్తే ముందు నీళ్లు చిలకరించనందుకు అతనికి ప్రతిఫలం కనబడాలి. పరీక్ష వేలానికి ముందే, యార్డు కమిటీ ఆధ్వర్యంలో, రైతు ఎదుట జరగాలి. ఫలితం లాటు చీటీ మీద ఎక్కాలి. ఖర్చు ఎగుమతిదారు భరించడం న్యాయం. రేవులో కంటెయినర్ నిలిచిపోయే నష్టంతో పోలిస్తే అది స్వల్పం.

చెడిన లాటును మంచి సరుకులో కలిపి సర్దుకొనే పాత అలవాటుకు మాత్రం ఈ పట్టీ గిట్టదు. శుభ్రమైన సరుకు వ్యాపారికి అది భారం కాబోదు.