లెక్కలా, బయాలజీయా? రెండూ ఇష్టమైతే?

పేరెంట్స్ మీటింగ్‌లో టెన్త్ పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "మేడమ్, మా పాపని ఎంపీసీలో చేర్చమంటారా, బైపీసీలోనా?" పాపకి రెండూ ఇష్టమండీ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ఏదో ఒకటి వదలాల్సిందేగా అన్నట్టు చూస్తారు. నేనూ లెక్కలు వదిలి బైపీసీ తీసుకున్నదాన్నే. అందుకే రాస్తున్నాను.

రెండూ కలిసే చదువు ఉంది. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీలో బయోమెడికల్ కంప్యూటింగ్ పేరుతో డిగ్రీలోనే చెబుతారు. మన దగ్గరే అయితే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో బీటెక్‌కి ఎంఎస్ కలిపి ఐదేళ్ల కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్ కోర్సు ఉంది. కందిలోని ఐఐటీలో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది.

ఇందులో చేసే పనేమిటంటారా? సీటీ స్కాన్ అంటే ఒక్క ఫొటో కాదు. పొరలు పొరలుగా తీసిన వందల చిత్రాలు. కంప్యూటర్‌కి అవన్నీ అంకెలే. ఆ అంకెల్లో లివర్ ఎక్కడ, గడ్డ ఎక్కడ అని గుర్తించే ప్రోగ్రామ్ రాయాలంటే కోడింగ్ రావాలి, లివర్ గురించీ తెలియాలి. మనిషి జీనోమ్‌లో దాదాపు 300 కోట్ల అక్షరాలు. వాటిని కూర్చుని చదవగలిగేది ఎవరు? 2024లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న డెమిస్ హసాబిస్ డిగ్రీలో చదివింది కంప్యూటర్ సైన్స్. ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో అంచనా కట్టినందుకే ఆ బహుమతి.

అయితే ఇది ఎంబీబీఎస్‌కి దొడ్డిదారి కాదు. చదివినవాళ్లు డాక్టర్లు కారు. మంచి ఉద్యోగానికి చాలాసార్లు పీజీ కూడా కావాలి, ఫీజు లెక్క వేసేటప్పుడు ఆ ఏళ్లూ కలుపుకోండి. కోర్సు పేరు చూసి మురిసిపోకుండా సిలబస్ తెప్పించుకుని ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో చూడండి. ఒక్కటే ఉంటే అది పేరుకే కంప్యూటింగ్.

నేను చెప్పిన హైదరాబాద్ సీట్లు రెండింటికీ ఇంటర్లో లెక్కలు తప్పనిసరి. టీజీ ఎప్‌సెట్‌లో బైపీసీ వాళ్లకీ బయోమెడికల్ ఇంజినీరింగ్ సీట్లున్నాయి, కానీ ఇంజినీరింగ్‌లో చేరాక లెక్కలు ఎలాగూ ఎదురొస్తాయి. సీబీఎస్ఈ లెవెన్త్‌లో బయాలజీ, లెక్కలు రెండూ తీసుకోవచ్చు. బరువే, కాదనను. జేఈఈ, నీట్ అని రెండు సెక్షన్లుగా టైమ్ టేబుల్ వేసే మాకూ అది ఇబ్బందే. ఆ ఇబ్బంది కోసం మీ పాప ఒకటి వదులుకోవాలా?

గ్రూప్ ఫారం నింపే ముందు పాపనే అడగండి, ఏ సబ్జెక్ట్ వదిలితే ఎక్కువ బాధని. ఫారం ఖాళీగానే తీసుకురండి. లంచ్ తర్వాత స్టాఫ్ రూమ్‌లో ఉంటాను, కూర్చుని చూద్దాం.