లోహం: ఔషధమా? విషమా?

దివ్య ఖుర్ఆన్‌లో 57వ అధ్యాయం పేరు ‘అల్ హదీద్’. హదీద్ అనగా ఇనుము. మన పూర్వులు లోహాన్ని ఆయుధంగానే గాక ఔషధంగా కూడ ఎరిగినవారు. యునానీ హకీములు ‘కుష్తా’ అన్నదానినే ఆయుర్వేద వైద్యులు ‘భస్మం’ అన్నారు. శుద్ధి చేసిన లోహం దేహానికి మేలు చేస్తుందన్నది ఉభయుల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని పరిహసించుట నా ఉద్దేశం కాదు. దానికి పరీక్ష తోడు కావలెనన్నదే నా అభిప్రాయం.

లోహపు గుణం దాని పేరులో లేదు. రూపంలోను, పరిమాణంలోను ఉన్నది. ఇనుము లేనిదే రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయజాలదు. ఆ ఇనుప మాత్రలనే పసిబిడ్డ గుప్పెడు మ్రింగితే ప్రాణాపాయం. నీట కరిగే బేరియం లవణాలు విషతుల్యాలు. నీట కరగని బేరియం సల్ఫేటును మాత్రం ఎక్స్‌రే తీయుటకై రోగిచేత త్రాగిస్తారు. ప్లాటినంతో కూడిన సిస్‌ప్లాటిన్ 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా ఆమోదం పొందినది. సీసం సంగతి వేరు. దేహానికి దానితో ఏ పనీ లేదు. ఇంత మోతాదైతే నిరపాయమని చెప్పగల హద్దూ లేదు. అది పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఈ ప్రసంగం మనకు పుస్తక విషయం మాత్రమే కాదు. 2020 డిసెంబరులో మన ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛ, వాంతులు, తలనొప్పులతో ఆసుపత్రుల పాలైనారు. ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించినవి. దానితో సీసమే కారణమన్న అనుమానం కలిగినది. పిమ్మట నిపుణుల విచారణ పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపినది. ఆ దినాలలో భయం ముందు నడిచినది, పరీక్ష వెనుక వచ్చినది.

ముదినేపల్లి పరిసర గ్రామాలలో కాలువ నీటిని చెరువులలో నింపుకొని త్రాగుట పరిపాటి. పొలాల మీది మందులు, పట్టణాల మురుగు డ్రెయిన్ల వెంట కొల్లేటికి చేరుతున్నవి. ఆపద వచ్చిన పిదప నీటిని పరీక్షించుట ఇల్లు కాలినాక బావి త్రవ్వుట వంటిది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఏటా ఒకసారి మన విద్యార్థుల గ్రామాల నుండి త్రాగునీటి నమూనాలు సేకరింపించి, సమర్థమైన ప్రయోగశాలకు పంపించండి. వచ్చిన ఫలితాలను ఉర్దూలోను, తెలుగులోను నోటీసు బోర్డుపై వ్రాయించండి. విద్యార్థులారా, మీ ఇంట ఎవరైనా కుష్తాగాని భస్మంగాని సేవిస్తుంటే, అందులో ఏమున్నదో, ఏ ప్రయోగశాల పరీక్షించినదో వినయంగా అడగండి.

అట్లు అడుగుట పెద్దలను ధిక్కరించుట కాదు. వేయి సంవత్సరాలకు పూర్వమే హకీం అల్ రాజీ పాదరసాన్ని కోతికిచ్చి, దాని ప్రభావాన్ని గమనించినాడు. పరీక్షించుట పరాయి విద్య కాదు. మనం మరచిన మన విద్యయే.