ఎక్కించడానికి సంతకం, తీయడానికి సభ!

గూడెంలో కుర్రాడి మీద రౌడీషీటు తెరవాలంటే ఎంతసేపు? స్టేషన్లో కలం కదిలితే చాలు. మూయించాలంటే మాత్రం ఆ తల్లి చెప్పులు అరగాలి. దేశాలకీ ఇట్లాంటి షీటు ఒకటుంది. ఉగ్రవాదానికి అండగా నిలిచే రాజ్యాల జాబితా అంటారు. 1979 నుంచీ దాన్ని రాసేది అమెరికా.

ఎక్కించేది అక్కడి విదేశాంగ మంత్రి. ఆ దేశపు చట్టసభ పేరు కాంగ్రెస్ (మన హస్తం గుర్తు పార్టీ కాదు లెండి). పేరెక్కించడానికి ఆ సభ ఓటు అక్కర్లేదు. తీయాలంటే మాత్రం అధ్యక్షుడు సభకు నివేదిక పంపాలి. ఆరునెలలుగా ఆ దేశం ఉగ్రవాదులకు సాయం చెయ్యలేదని రాసి, 45 రోజులు ముందే చెప్పాలి. కావలివాణ్ణి బయటికొచ్చే గుమ్మం దగ్గర నిలబెట్టారు. లోపలికి తోసే గుమ్మం దగ్గర ఎవడూ లేడు!

ఈ కావలి కూడా ఊరికే రాలేదు. 1982లో ఇరాన్‌తో యుద్ధం చేస్తున్న సద్దాం పనికొచ్చాడని, సభను అడక్కుండానే ఇరాక్ పేరు కొట్టేశారు. అదే ఏడు క్యూబాని ఎక్కించారు. 1988లో హలబ్జాలో కుర్దుల్ని విషవాయువుతో చంపినప్పుడు కూడా సద్దాం ఆ జాబితాలో లేడు. 1989లో సభ మేల్కొని తీసే పద్ధతికి చట్టం చేసింది. 1990లో కువైట్‌ని ఆక్రమించాకే ఇరాక్ మళ్ళీ ఎక్కింది. మరి చంపినవాడిని బట్టా ఈ జాబితా, అవసరాన్ని బట్టా?

క్యూబా సంగతి చూడండి. 2015లో తీశారు. 2021 జనవరిలో ట్రంప్ దిగిపోయే ముందు ఎక్కించాడు. 2025 జనవరి 14న బైడెన్ తీస్తానన్నాడు. 20న ట్రంప్ మళ్ళీ వచ్చి ఆ మాట రద్దు చేశాడు. ఆరు రోజుల్లో క్యూబా ఏం మారింది? మారింది కుర్చీలో మనిషే.

సూడాన్‌ది ఇంకా అన్యాయం. 1993లో ఎక్కించారు. 2019లో జనం వీధుల్లోకొచ్చి నిలబడితే, బషీర్ గద్దె దిగాల్సొచ్చింది. అయినా పేరు పోలేదు. కొత్త ప్రభుత్వం 33 కోట్ల 50 లక్షల డాలర్లు కడతానన్నాకే 2020 డిసెంబర్లో తీశారు. బాంబుదాడి బాధితులకు పరిహారం అందాల్సిందే, కాదనం. కానీ దొర చేసిన తప్పుకి దొరని దించినవాళ్ళు జరిమానా కట్టాలా?

ఎరుకలోళ్ళని అడగండి, చెబుతారు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద తెల్లదొర గెజెట్లో అచ్చేస్తే కోర్టు కూడా ప్రశ్నించకూడదు.

అత్యవసరం, సభ దాకా ఆగలేం అంటారు. సరే, ఆయుధాల అమ్మకం ఈరోజే ఆపండి. రెండు నెలల్లో కారణాలు బయటపెట్టి సభలో ఓటు పెట్టండి. ఓటు పడకపోతే పేరు దానంతటదే పోవాలి.