బాణపు గుర్తు వద్ద ఆగిన పాఠము

గ్యాస్ టర్బైను పటమును మన విద్యార్థులు చక్కగా గీయగలరు. గాలిని అదిమే కంప్రెసరు, ఇంధనము మండే గది, తిరిగే చక్రములు, అన్నిటికీ పేర్లు వ్రాస్తారు. వాయువు వెలుపలికి పోయే మార్గమునకు మాత్రము ఒక బాణపు గుర్తుతో సరిపెడతారు. ఈ ఉపేక్ష తగదని మా అభిప్రాయము.

1939లో స్విట్జర్లాండులోని నూషాటెల్ నగరమునకు విద్యుత్తు కొరకు నిర్మించిన టర్బైను 15,400 కిలోవాట్ల శక్తిని ఇచ్చినా, అందులో 11,400 కిలోవాట్లు కంప్రెసరుకే ఖర్చయినవి. దక్కినవి 4,000 మాత్రమే. మిగులు ఇంత స్వల్పమైనప్పుడు నిష్క్రమణ మార్గములోని కొద్దిపాటి నష్టము కూడా లెక్కలోనిదే.

చక్రములను దాటిన వాయువులో ఇంకను ఎంతో వేగముంటుంది. క్రమముగా వెడల్పయ్యే గొట్టము, అనగా డిఫ్యూజరు గుండా దానిని పంపితే వేగము తగ్గి పీడనము పెరుగుతుంది. గొట్టము చివర ఉండేది వాతావరణ పీడనమే గనుక, దాని మొదట, చక్రముల వెనుక, పీడనము అంతకన్న తక్కువగును. అందుచేత అదే ఇంధనముతో టర్బైను ఎక్కువ పని చేస్తుంది. అయితే గొట్టమును ఒక్కసారిగా వెడల్పు చేస్తే వాయువు గోడను విడిచి సుడులు తిరుగుతుంది. ఆ లాభము చాలవరకు పోతుంది.

ఈ సూత్రమును చూపుటకు టర్బైను అక్కరలేదు. రేకుతో చేసిన రెండు గొట్టములు, ఒక బ్లోయరు, నీటి మానోమీటరు చాలును. కళాశాల సంఘమువారు ఈ మాత్రము ప్రయోగశాలకు సమకూర్చవలెనని కోరుచున్నాము. అప్పుడు మన విద్యార్థులు బాణపు గుర్తు ప్రక్కన తాము స్వయముగా తీసిన కొలతను వ్రాయగలరు.