కుర్చీలు సర్దే పనితోనే సరిపెడదామా?



ఏ సంఘానికి వెళ్లినా పెద్దల నోట ఒకే మాట వింటున్నాను. "ఈ కాలం పిల్లలకు సేవ అంటే ఆసక్తి లేదండీ" అంటారు. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైన నాకు ఆ మాట వింటే కొంచెం కోపం వస్తుంది. ఇంతకీ మన యౌవనస్థులకు మనం అప్పగించిన పనులేమిటి? కూటాలకు షామియానా వేయించడం, కుర్చీలు సర్దడం, సౌండ్ బాక్సులు మోయడం, క్రిస్మస్‌కు నాటిక వేయడం. ఒక్కరోజైనా వాళ్లను ఒక రోగి మంచం పక్కన కూర్చోబెట్టామా? నీళ్లలో దింపకుండానే ఈత రాలేదంటే ఎలా?

ముందు నా తప్పు చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట ఇంటర్ చదివే కుర్రాడొకడు సెలవుల్లో సాయం చేస్తానని మా వార్డుకు వచ్చాడు. మొదటిరోజే డ్రెస్సింగ్ గదిలోకి పంపాను. కుష్ఠువ్యాధి నయమైనా అరికాలి పుండు మానని ఒక పెద్దాయనకు కట్టు విప్పుతున్నారు. ఆ వాసనకు కుర్రాడికి కళ్లు తిరిగి గోడకు జారగిలబడ్డాడు. "ఇంత సున్నితమైతే ఎందుకొచ్చావు బాబూ?" అన్నాను, అందరి ముందూ. మర్నాడు రాలేదు. తర్వాత చర్చిలో ఎదురుపడినా తల దించుకుని వెళ్లిపోయేవాడు.

ఏం చూడబోతున్నాడో అతనికి ముందు చెప్పలేదు. పక్కన నిలబడలేదు. బయటకు తీసుకెళ్లి మంచినీళ్లిచ్చి, "మాకూ మొదట్లో ఇలాగే అయింది, రేపు రా" అనలేదు. మా నర్సింగ్ విద్యార్థినులకైతే అవన్నీ చేసేదాన్ని. ఊరికే వచ్చినవాడే కదా అని ఇతనికి చేయలేదు.

అపొస్తలుల కార్యములు చదివినప్పుడల్లా ఆ కుర్రాడే గుర్తొస్తాడు. మార్కు అనే యోహాను మొదటి ప్రయాణంలో పంఫూలియ దగ్గరే వెనుదిరిగి యెరూషలేముకు వెళ్లిపోయాడు. రెండోసారి అతణ్ణి తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం వదల్లేదు. ఆ వివాదంలో ఇద్దరూ విడిపోయారు, బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. కొన్నేళ్ల తర్వాత చెరసాలలో ఉన్న పౌలే, మార్కును తీసుకురమ్మని, అతడు పరిచర్యకు పనికొస్తాడని తిమోతికి రాశాడు. మధ్యలో మార్కుకు బర్నబా ఏం నేర్పాడో గ్రంథంలో లేదు. వెంట తీసుకెళ్లాడన్నదే ఉంది.

మన యూత్ మీటింగుల్లో ఐడా స్కడ్డర్ కథ చెప్పనివారుండరు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మనుషులు తలుపు తట్టడం, మగ డాక్టరును పిలవడానికి ఒప్పుకోకపోవడంతో వాళ్ల భార్యలు ప్రసవంలో చనిపోవడం మనందరికీ కంఠతా వచ్చు. ఆ కథలో కన్నీళ్లున్నాయి గనుక అక్కడే ఆపేస్తాం. తర్వాతి సంగతే నాకు ముఖ్యం. 1900లో వెల్లూరుకు వచ్చిన ఆమె తానొక్కతే ఎంతమందిని చూడగలదో లెక్క వేసుకుంది. 1909లో నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. తనకున్న పనినే పిల్లల చేతుల్లో పెడుతూ పోయింది.

డాక్టర్లు, నర్సులు కానివాళ్లు ఆసుపత్రిలో ఏం చేస్తారని అడుగుతారు. ఒక్క ఉదాహరణ చెబుతాను. బహుళ ఔషధ చికిత్సతో కుష్ఠు క్రిమి చస్తుంది, కానీ చాలామందికి కాలికి పోయిన స్పర్శ తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. అందుకే రోజూ కాళ్లను మామూలు నీళ్లలో ఓ ఇరవై నిమిషాలు నానబెట్టుకోవాలి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దుకోవాలి, తడి ఆరకముందే నూనె రాసుకోవాలి, అరికాలు తిప్పి గాయం ఉందేమో చూసుకోవాలి. ఒంటరి ముసలాయనకు చూపు ఆనకపోతే ఆ అరికాలు ఎవరు చూస్తారు? డిగ్రీ చదివే కుర్రాడు చూడగలడు. ఎర్రబడినా, బొబ్బ లేచినా సిస్టరుకు చెప్పగలడు. ఆ ఒక్క కబురుతో ఒక పుండు, ఒక్కోసారి ఒక కాలే దక్కుతుంది. క్షయ రోగికి ఆరు నెలల మందులు ఆగకుండా చూడటమూ అలాంటిదే.

అయితే, ఉత్సాహముంది కదా అని వదిలేయకూడదు. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి నేర్పాలి. ఇంజెక్షను, కట్టు జోలికి పోనివ్వకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, రోగితో ఒంటరిగా ఉంచకూడదు. వార్డులో విన్నది వార్డులోనే ఉండాలి. మరొకటి, ఇది కొందరికి నచ్చకపోవచ్చు: మంచం మీదినుంచి కదల్లేని మనిషికి, ఆయన అడగకుండా, ప్రసంగం చేయవద్దని పిల్లలకు చెబుతాను. ప్రార్థన చేయమంటే చేయండి, లేదంటే గోళ్లు కత్తిరించి రండి అంటాను. తిరిగి మందలించలేని స్థితిలో ఉన్నవాడి ముందు మాట్లాడటం సాక్ష్యమని నేననుకోను.

చదువు పాడవుతుందని తల్లిదండ్రుల భయం. వారానికి ఒక్క సాయంత్రం, రెండు గంటలు, ఒక పెద్దవారితో జంటగా ఒక ఏడాది. అంతకంటే అడగను. పది మందిని వ్యానులో ఎక్కించి ఒకరోజు క్యాంపుకు తీసుకెళ్లి ఫోటోలు దిగి రావడం కన్నా ఇది కష్టమే. పిల్లలకు కాదు, మనకు. ప్రతి వారం మనం రావాలి కదా.

మా సంఘంలో పోయిన నెల ఆరాధన అయ్యాక పేర్లు అడిగాం. యౌవనస్థులు పదకొండు మంది ఇచ్చారు. వాళ్ల పక్కన నడుస్తామని పెద్దల్లో ఇప్పటిదాకా పేరిచ్చింది ముగ్గురం. కాగితం ఇంకా పాస్టరుగారి బల్ల మీదే ఉంది.