పాత లారీని తూకమునకు వేయుటకు ముందు ఒక మనవి



మన సంఘపు గిడ్డంగి వెనుక, వేపచెట్టు క్రింద, ఒక పాత లారీ పెక్కేండ్లుగా నిలిచియున్న సంగతి మీ రెరుగుదురు. టైర్లు కుంగి చక్రములు నేలలో దిగబడినవి. ముందరి రేకు తుప్పుపట్టినది. కోళ్లు దానిలో గ్రుడ్లు పెట్టుచున్నవి. రానున్న సర్వసభ్య సమావేశమున దీనిని పాత యినుము వ్యాపారికి తూకము లెక్కన విక్రయించుటకు తీర్మానము రానున్నది. ఆ తీర్మానమును కొంతకాల మాపవలయునని నా అభిప్రాయము. అందులకు గల కారణములను సభ్యుల యెదుట పెట్టుచున్నాను.

మునుపొకసారి మనము నీరు తోడు ఆయిలు ఇంజనును ఇట్లే తూచి యమ్మితిమి. వచ్చిన సొమ్ము ఆ యేటి గోనెసంచుల ఖర్చునకైనను చాలలేదు. ఆ ఇంజను ఏ కంపెనీది, ఎన్ని గుర్రముల శక్తి గలది, ఎవరి హయాములో వచ్చినది అని నేడు పిల్లలడిగినచో చెప్పగలవారు లేరు. చిట్టాలో "పాత ఇనుము" అను రెండు మాటలు మాత్రమే మిగిలినవి. ఆనాడు చేయి యెత్తినవారిలో నేనును ఒకడను. ఆ పొరపాటు రెండవసారి జరుగరాదని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

అమ్మదలచినను, నిలుపదలచినను, వస్తువేదో ముందు తెలియవలయును. మన గ్రామమున ఈ లారీని కొందరు మిలిటరీ లారీ యందురు. కొందరు లేలాండు అందురు. మరికొందరు బెంజి అందురు. మూడు మాటలకును ఆధారము లేకపోలేదు. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలిన లారీలు పెక్కు సరకు రవాణాకు దిగినవి. మద్రాసు ప్రాంతమున 1948లో స్థాపితమైన అశోక్ మోటార్స్ సంస్థ 1955లో అశోక్ లేలాండు అయినది. జంషెడ్‌పూరులో టాటావారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి కంపెనీతో ఒడంబడిక చేసికొని 1954లో లారీల నిర్మాణము ప్రారంభించిరి. ఆ ఒడంబడిక 1969లో ముగిసినది.

లారీని గుర్తించుటలో సామాన్యముగా జరుగు పొరపాటు డ్రైవరు గదిని చూచి నిర్ణయించుట. ఆ కాలమున కంపెనీనుండి తరచుగా ఇంజను, చట్రము, ముందరి రేకు ముసుగు మాత్రమే వచ్చుచుండెను. డ్రైవరు కూర్చుండు గదియు, సరకు వేయు తొట్టియు మన వడ్రంగులును కమ్మరులును కట్టినవే. కావున ఒకే కంపెనీ లారీలు రెండు రెండు రూపములలో నుండవచ్చును. వేర్వేరు కంపెనీల లారీలు ఒకే వడ్రంగి చేతిలో అన్నదమ్ములవలె కనబడవచ్చును. లారీ పుట్టుక తెలియవలయునన్న క్రిందికి వంగి చూడవలయును.

ఒక ఆదివారము ఇద్దరు యువకులను తోడు తీసికొని నేనట్లు చూచితిని. ఇంజనులో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నున్నవి. స్పార్కు ప్లగ్గులు లేవు. ఇంజెక్టర్లును, చలిలో ఇంజను నందుకొనుటకై హీటరు ప్లగ్గులును కలవు. కావున ఇది డీజిలు ఇంజను. యుద్ధకాలపు ఫోర్డు, షెవర్లే లారీలు పెట్రోలుతో నడచినవి. ఫోర్డు వి-8 ఇంజనులో సిలిండర్లు రెండు వరుసలుగా నుండును. అయినను ఇంజనొక్కటి చాలిన సాక్ష్యము కాదు. పాత పెట్రోలు ఇంజనును తీసివేసి పెర్కిన్స్ మొదలగు డీజిలు ఇంజనులు బిగించుట ఆ రోజులలో కలదు.

అందుచేత చట్రమును పరీక్షించితిమి. కమాను కట్టల మరలకు అంగుళముల పానాలు సరిగా పట్టలేదు. మిల్లీమీటర్ల పానాలు పట్టినవి. అమెరికా, ఇంగ్లండు దేశముల నాటి లారీలకు అంగుళపు కొలతలును, జర్మనీ పద్ధతి లారీలకు మిల్లీమీటరు కొలతలును ఉండును. ముందరి జాలీమీద ఒక గుండ్రని బిళ్ల ఊడిన మచ్చయు, దానిలో మూడు కొనల నక్షత్రపు జాడయు కనబడినవి. ఒడంబడిక తీరిన పిమ్మట ఆ నక్షత్రమునకు బదులు టాటావారి "టి" అక్షరము వచ్చినది. ఈ గుర్తులన్నియు కలిపి చూడగా ఇది 1954కును 1969కును నడుమ పుట్టిన టాటా మెర్సిడెస్ బెంజి లారీ యని తోచుచున్నది.

పిమ్మట చట్రముపై పొడిచిన నెంబరును గుడ్డతో తుడిచి, కాగితము వేసి, పెన్సిలుతో రుద్ది ముద్ర తీసితిమి. నెంబరుపై ఆకురాయి గాని, గ్రైండరు గాని తాకించరాదు; అది చెరిగినచో లారీకి జన్మపత్రిక పోయినట్లే. సంఘపు ఇనుప పెట్టెలోని రిజిస్ట్రేషను పుస్తకముతో సరిచూడగా చట్రపు నెంబరు కలిసినది. ఇంజను నెంబరు కలియలేదు. ఎప్పుడో ఇంజను మార్చబడినదన్నమాట. ఆ మార్పునుగూడ చిట్టాలో వ్రాసి యుంచవలయును.

ఇక మరమ్మతు మాట. ఉత్సాహముతో బ్యాటరీ తెచ్చి మీట నొక్కుట అన్నిటికంటె చెడ్డపని. ఏండ్లతరబడి కదలని పిస్టనులు సిలిండర్లకు పట్టుకొని యుండును. బలవంతము చేసిన రింగులు విరుగును. ఇంజెక్టర్లు విప్పి, ప్రతి సిలిండరులోను కొంచెము పలుచని నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, పిమ్మట ముందరి కప్పీ బోల్టుకు పొడవైన పానా తగిలించి చేతితో మెల్లగా త్రిప్పవలయును. డీజిలు ట్యాంకును విప్పి కడుగక పంపునకు చుక్కయైనను పంపరాదు. బ్రేకుల రబ్బరులన్నియు మార్చక, నడచుచున్నది గదా యని చక్రము కదల్చరాదు.

మూడు అపాయములను ముఖ్యముగా చెప్పవలయును. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండును. ఆ ధూళిని గాలితో ఊదిన ఊపిరితిత్తులకు ముప్పు. తడిగుడ్డతో తుడువవలయును. పాత రంగులలో సీసము ఉండవచ్చును, పొడిగా గీకరాదు. లాకు రింగు గల చక్రములకు గాలి నింపునపుడు రింగు ఎగిరి మనుష్యుని ప్రాణము తీయగలదు. ఇనుప పంజరములో నుంచి, దూరముగా నిలిచి, అనుభవజ్ఞుడే గాలి నింపవలయును.

ఇంజను బాగైన పిమ్మట క్రొత్త రేకుల క్యాబిను కట్టించి, మెరుగు రంగులు పూయించవలెనని కొందరనుచున్నారు. దీనికి నేను సమ్మతింపను. చట్రము జర్మనీ పద్ధతిపై జంషెడ్‌పూరులో తయారైనది. అట్టివి వేలకొలది పుట్టినవి. ఈ కర్రల క్యాబిను మాత్రము మన ప్రాంతపు వడ్రంగి తన కంటి కొలతతో కట్టినది. దీనికి రెండవది లేదు. ధాన్యపు బస్తాలు ఒరసి నునుపైన తొట్టి పలకలు మన తండ్రుల శ్రమకు గుర్తులు. పుచ్చిన పలకను మార్చుడు. గట్టి పలకను ఉండనిండు. పెండ్లి పల్లకివలె నలంకరించినచో అది పని చేసిన లారీ యని యెవ్వరును గుర్తింపరు.

ఆక్షేపణలు కలవు. సంఘపు సొమ్ము రైతుల సొమ్ము. దానితో వేడుకలు చేయరాదందురు. ఇది న్యాయమైన మాట. కావున వాటాధనమునుండి గాని, లాభముల పంపకమునుండి గాని ఒక్క రూపాయియు తీయరాదు. చందాలతోను, ఐ.టి.ఐ. చదువుచున్న మన పిల్లల శ్రమతోను జరుగవలయును. వారికి ఇంతకంటె మంచి పాఠము దొరకదు. మరల బాడుగలకు త్రిప్పుదమను ఆశయు వలదు. పొగ, బ్రేకులు, ఫిట్‌నెసు విషయములలో నేటి బాటలకు అది తగదు. గిడ్డంగి ఆవరణలో, సర్వసభ్య సమావేశపు నాడు నడచిన చాలును.

మరియొక సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వమువారు మోటారు వాహనముల నిబంధనలలో పురాతన వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచిరి. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటిన ద్విచక్ర వాహనములకును, సొంత వాడుకకైన కార్లకును ఆ గౌరవము దక్కినది. సరకులు మోసిన లారీకి దానిలో చోటు లేదు. ధనికుడు షికారు వెళ్లిన కారు పురాతన వస్తువు. రైతు ధాన్యమును మిల్లుకు చేర్చిన లారీ పాత ఇనుము! ఈ భేదము సరికాదని మన సంఘము తీర్మానించి ప్రభుత్వమునకు విన్నవించుట యుచితము.

నేను కోరునది ఒక సంవత్సరము గడువు మాత్రమే. ఆ లోపల చట్రమును నిపుణునిచే పరీక్ష చేయింతము. అది బాగుపడనంతగా బీటలు వారినదని తేలినను, చందాలు చాలకపోయినను, అమ్మకమునకు మొదట చేయి యెత్తువాడను నేనే. అప్పుడైనను చిట్టాలో దాని పేరు, నెంబరు, పుట్టుక, అది మోసిన బరువుల కథ వ్రాసి యుంచి మరి అమ్ముదము. పేరు తెలియకుండ సాగనంపుట మాత్రము వలదు. సభ్యులు నిష్పక్షపాతముగా నాలోచించి సమావేశమునకు రాగలరని ప్రార్థించుచున్నాను.