అనుమానం రంగు మీదే
బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేసి, బ్లాకుకు నిగనిగలాడే రంగు కొట్టిన పాత అంబాసిడర్, సెల్ఫ్ కొడితే మూలుగుతూ తిరుగుతుంది. అందరి చూపూ బ్యాటరీ మీదికో, సెల్ఫ్ మోటారు మీదికో పోతుంది; కొత్త పనితనం కదా, బిగువుగానే ఉంటుందని సర్దిచెప్పేవాళ్లూ ఉంటారు. నా అనుమానం మాత్రం ఆ రంగు మీదే. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. అందుకే సెల్ఫ్ మోటారు లాగే 100 ఆంపియర్లకు పైబడిన కరెంటుకు సరైన దారి, ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ ఒక్కటే. దాని బోల్టు కింద పెయింటు పొర అడ్డుపడితే కరెంటు చోక్ కేబుల్లోకి దూరుతుంది. పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటిందా, లోపం ఎర్త్‌లోనే. మోటారు విప్పేముందు ఆ బోల్టు కింద రంగు గీకండి.